మామూలు మనిషి రక్తం

కోటు ముందుభాగాన్ని బల్ల మీద పరిచి, సుద్దగీత మీద సన్నటి ఉలి ఆనించి, చెక్కసుత్తితో ఒక్క దెబ్బ వేసింది కాజాలమ్మ. గీత పొడవునా బట్ట తెగింది. దాన్ని ఒళ్ళోకి లాక్కుని, మైనం రాసిన నల్లదారంతో తెగిన అంచు వెంబడి ముడి పక్కన ముడి వేసుకుంటూ పోయింది. ముళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడాలి. ఎడం కాకూడదు, ఒకదానిమీదొకటి ఎక్కకూడదు. గుండీ దూరాలి గాని దానంతటది జారిపోకూడదు. కుదిరిన కాజాని ఎవరూ చూడరు. కుదరని కాజాని మాత్రం దారిన పోయేవాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు.

ఆమె కూడా కుదిరిన కాజాలాంటి మనిషే. యాభై దాటింది. పొడుగూ కాదు, పొట్టీ కాదు. రోజూ ఎక్కే బస్సే అయినా కండక్టరు ఆమెను కొత్తమనిషిని చూసినట్టు చూస్తాడు. ఇంటిల్లిపాదీ దిగిన ఫొటోల్లో ఆమె ముఖం సగం ఎవరో ఒకరి భుజం వెనక ఉంటుంది. జబ్బు చేసి మంచమెక్కింది లేదు, నలుగురిలో నిలబడి బహుమతి అందుకున్నది లేదు, కనీసం వీధిలో ఎవరితోనైనా గట్టిగా పోట్లాడింది కూడా లేదు. మొగుడు గోదాములో కాపలా పని చేస్తాడు. ఆయనా ఇలాంటివాడే కాబట్టి ఇద్దరికీ ఏ గొడవా లేకుండా గడిచిపోయింది.

దర్జీ దుకాణం మేడ మీద ఒకటే పొడుగాటి గది. నడుమ కత్తిరింపు బల్ల, గోడ వారగా మూడు కుట్టుమిషన్లు, మూల ఇస్త్రీ. తడిబట్ట మీద వేడి పెట్టె ఆనినప్పుడల్లా లేచే ఆవిరివాసన గదికి ఎప్పుడూ ఉండే వాసన. ఒక హోటలు పనివాళ్ళ కోట్లు వారం లోపల ఇవ్వాలని కత్తిరింపు మాస్టరు పొద్దుటి నుంచి అందరి మీదా చిరచిరలాడుతున్నాడు. మూడు మిషన్లలో రెండే నడుస్తున్నాయి. మూడోది కాజాలమ్మ తోడికోడలిది.

ఆ పెద్దకోడలు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. మిషను తొక్కటం మానేసి ఏడాది దాటినా రోజూ పొద్దున్నే మరిదిభార్యతో పాటు వచ్చి కూర్చుంటుంది. ఇంట్లో ఒక్కతీ గోడల్ని చూస్తూ ఉండలేనంటుంది. పొద్దుట చూస్తే ఆమెకు జబ్బుందని ఎవరూ అనరు. కళ్ళు విప్పారి ఉంటాయి, గొంతు మోగుతుంది, మాస్టరుని కూడా ఆట పట్టిస్తుంది. భోజనాల వేళ దాటేసరికి ఎవరో బరువు కట్టినట్టు కనురెప్పలు దిగిపోతాయి. నమలడానికి దవడలు అలిసిపోతాయి. సాయంత్రానికి మాట ముక్కులోంచి వస్తుంది.

మొదట్లో ఒక్క రెప్పే వాలింది. మిషను దగ్గర కూర్చున్న మనిషి ఒక కన్ను మూస్తూ ఉంటే, "మాస్టరుకి కన్ను కొడుతున్నావా అక్కా" అని నవ్వింది కాజాలమ్మే. ఆ నవ్వు ఇప్పటికీ ఆమెను పొడుస్తూనే ఉంటుంది. తర్వాత చెయ్యి ఎత్తి పైఅర మీది దారపుకండె అందుకోలేకపోయింది. మందుల షాపులు, కళ్ళ డాక్టర్లు, బలం గోలీలు అన్నీ అయ్యాక పెద్దాసుపత్రిలో నరాల డాక్టరమ్మ పేరు చెప్పింది: మయస్థీనియా. ఇంట్లో ఎవరి నోరూ తిరగలేదు.

"ఒంట్లో రోగాల మీద పోట్లాడే కాపలా ఒకటుంటుంది. అది మీ ఒంటి మీదే తిరగబడింది. నరం నుంచి కండకి కబురు అందకుండా అడ్డం పడుతోంది" అంది డాక్టరమ్మ.

"కంచే చేను మేసిందన్నమాట" అంది పెద్దకోడలు. డాక్టరమ్మ ఇకమీదట అందరికీ అలాగే చెబుతానంది.

ఆ డాక్టరమ్మే ఒక పరిశోధన చేస్తోంది. రక్తంలో యాంటీ ఆక్సిడెంట్లని కొన్ని ఉంటాయట. ఇనుముకు రంగు వేసినట్టు, ఒంటికి తుప్పు పట్టకుండా కాపాడతాయట. కొన్ని తిండి వల్ల వస్తాయి, యూరిక్ యాసిడ్ లాంటివి ఒంట్లోనే తయారవుతాయి. ఇలాంటి జబ్బులున్నవాళ్ళలో అవి తక్కువగా ఉంటున్నట్టు అనుమానం. అవి తగ్గడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల అవి తగ్గాయా అన్నది తెలీదు. అందుకని ప్రతి రోగికీ ఒక జోడీ కావాలి. అదే ఇల్లు, అదే తిండి, ఇంచుమించు అదే వయసు. ఏ జబ్బూ లేని, ఏ మందూ వాడని మామూలు మనిషి.

పెద్దకోడలు వెంటనే పక్కకి చెయ్యి చూపించింది. "మామూలు మనిషంటే ఇంతకన్నా దొరకదండీ. దీనిలో గొప్ప ఏముందా అని ముప్పై ఏళ్ళుగా వెతుకుతున్నాం. ఇదన్నమాట."

అలా కాజాలమ్మ జీవితంలో మొదటిసారి ఒకదానికి ఎంపికైంది. అదీ ఏ ప్రత్యేకతా లేనందుకు. పైకి నవ్వేసింది గాని లోపల కొంచెం గర్వపడింది. చెయ్యి చాపితే రక్తం తీసి, ఆ గొట్టానికి వెండికాగితం చుట్టి ఐసుపెట్టెలో పెట్టారు. వెలుతురు తగిలితే లోపలివి పాడవుతాయట. తన ఒంట్లోంచి వచ్చినదాన్ని ఎవరైనా అంత అపురూపంగా చుట్టిపెట్టడం ఆమె అంతకుముందు చూడలేదు.

చిక్కు ఎప్పుడు వచ్చిందంటే, రెండోసారి రక్తం ఇవ్వడానికి నెల ముందు. పెద్దకోడలి ఛాతీ ఎముక వెనక ఉన్న థైమస్ అనే గ్రంథిని తీసేస్తే జబ్బు నెమ్మదిగా దారికి రావచ్చని, ఆపరేషనుకు ఒళ్ళు సరిపోతుందో లేదో చూస్తామని చెప్పారు. ఆ మాటా, ఈ రక్తమూ కాజాలమ్మ మనసులో కలిసి ఒక్కటైపోయాయి. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూస్తున్నారు కదా, అక్క లెక్క తనకన్నా తక్కువ వస్తే ఆపరేషను చెయ్యరని ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. అక్క లెక్క పెంచడం తన చేతిలో లేదు. తన లెక్క తగ్గించుకోవడం ఉంది.

ఆ రోజు నుంచి పండు ముట్టలేదు, ఆకుకూర ముట్టలేదు. ఇద్దరికీ తరిగి, తన వాటా అక్క గిన్నెలో ఒంపేసింది. ఎవరైనా అడిగితే తినేశానంది. ఉత్త రొట్టె, చారెడు పప్పు. రెండోసారి రక్తం ఇచ్చి వచ్చాక కూడా మానుకోలేదు. అడక్కుండా మళ్ళీ తీస్తారేమోనని అదో ముందుజాగ్రత్త.

నిన్న సాయంత్రం ఆసుపత్రి నుంచి రెండు కబుర్లు వచ్చాయి. పెద్దకోడలికి మంచం ఖాళీ అయింది, ఇవాళ మధ్యాహ్నం చేరాలి, మూడు వారాలు అక్కడే ఉండాలి. రెండోది కాజాలమ్మకు. "మీ రక్తం గురించి మాట్లాడాలట, డాక్టరమ్మ పొద్దున్నే రమ్మన్నారు" అని నర్సు ఫోను పెట్టేసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అయింది ఆమె పని. రాత్రంతా అక్క ఆపరేషను తన వల్ల ఆగిపోయినట్టే లెక్క వేసుకుంది.

చేతిలో ఉన్న కాజాకి చివరి అడ్డకుట్టు వేసి దారం తెంపింది.

"నేను ఆసుపత్రికి వెళ్ళొస్తాను" అంది మాస్టరుతో.

"వెళ్ళేది మీ అక్క కదా?"

"ముందు నేను, తర్వాత అక్క."

మాస్టరు కత్తెర ఆపి కోట్ల గుట్ట వైపు చూశాడు. కిటికీ పక్కన కూర్చున్న మనిషిని చూసి మళ్ళీ కత్తెర ఆడించాడు. పెద్దకోడలు మాత్రం, "ఏమే, ముఖం అలా పెట్టుకున్నావు, కోసేది నిన్నా నన్నా?" అంది.

బస్సులో నిలబడే వెళ్ళింది. కూర్చునే చోటు ఉన్నా తోచలేదు. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఒక ముసలాయన భార్య రెప్పను వేలితో పైకెత్తి పట్టుకుని గోడ మీది గడియారం చూపిస్తున్నాడు. చూపించాక వదిలేశాడు, రెప్ప మళ్ళీ మూతపడింది. ఇద్దరూ దాన్ని చాలాకాలంగా చేస్తున్న పనిలాగే చేశారు. కాజాలమ్మ ముఖం తిప్పుకుని నేల పలకలు చూస్తూ కూర్చుంది.

డాక్టరమ్మ గది ఇరుగ్గా ఉంది. వయసులో చిన్నది, కళ్ళ కింద నల్లగా నిద్ర చాలని గుర్తులు. ఎదుట తెర మీద ఏవో గీతలు.

"కూర్చోండమ్మా. కంగారేం లేదు. మీ మొదటి రక్తానికీ రెండో రక్తానికీ పొంతన లేదు. తిండి వల్ల వచ్చేవి బాగా పడిపోయాయి. జ్వరం వచ్చిందా? ఏమైనా మందులు వాడారా? ఒంట్లో ఏదైనా తేడా ఉంటే ముందే చూడాలని పిలిచాను."

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది. రాలేదు. చెప్పడం అలవాటు లేని పని.

"నేనే తినడం మానేశానండీ" అంది. "అక్క లెక్క నాకన్నా పైన రావాలని. ఇందులో అక్క తప్పేం లేదు. ఆపరేషను ఆపకండి. నన్నేం చేసినా సరే."

డాక్టరమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వబోయి, ఎదుట మనిషి ముఖం చూసి మానేసింది.

"ఆపరేషనుకీ దీనికీ సంబంధమే లేదమ్మా. ఊపిరి బలం ఎంతుందో చూసి చేస్తారు. నిన్నగాక మొన్న మీ అక్క గొట్టంలోకి ఊదింది కదా, బాగా ఊదింది. మధ్యాహ్నం చేర్చుకుంటున్నాం. ఈ రక్తం సంగతి వేరే పరిశోధన. దీన్నిబట్టి ఎవరి వైద్యమూ మారదు."

కాజాలమ్మ గుండెల మీంచి బండ దిగింది. దిగిన వెంటనే సిగ్గేసింది. ఆ సిగ్గులో, ఎన్నడూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పేసింది.

"మా అత్తగారు పోయేదాకా మమ్మల్నిద్దర్నీ తక్కెడలో పెట్టి తూచిందండీ. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. నేను కాపరానికి వచ్చిన కొత్తలో ఇద్దరికీ చెరో చొక్కా ఇచ్చి కాజాలు కుట్టమంది. ఎవరివి బాగుంటే వాళ్ళే దుకాణంలో పనికి వెళ్ళడం, రెండోవాళ్ళు ఇంటిచాకిరీ. నావి ఎలకలు కొరికినట్టు వచ్చాయి. అత్తగారు కళ్ళజోడు వెతుక్కునేలోగా అక్క చొక్కాలు రెండూ మార్చేసింది. చిన్నది బంగారం, పెద్దది మొద్దు అని తీర్మానమైపోయింది. బయట నలుగురిలో పడితే గాని దీనికి మాట రాదు అందట అక్క, మా బావగారితో. తను కూడా దుకాణానికి రావడానికి తర్వాత మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ సాయంత్రం నేను ఇంటికెళ్ళాక నా చెయ్యి పట్టుకుని కాజాలు నేర్పింది."

"ఇప్పుడు మీరు చొక్కాలు మార్చారన్నమాట" అంది డాక్టరమ్మ మెల్లగా.

కాజాలమ్మ తల ఊపింది.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఒక మాట చెబుతాను వినండి. మీ అక్కకి ఎంత తగ్గిందో నాకు ఎలా తెలుస్తుంది? మిమ్మల్ని చూస్తేనే తెలుస్తుంది. మీరూ కిందికి దిగిపోయారనుకోండి, ఆమెకి ఏమీ తగ్గలేదని రాసుకుంటాను. ఇంకో వందమంది విషయంలో కూడా అలాగే పొరబడతాను. మీరు పస్తుంటే ఆమె పెరగదు. మీరు బాగుంటేనే ఆమెకి సాయం. బాగుండటం తప్ప మీరు చెయ్యాల్సింది ఏమీ లేదు."

ఇంతవరకు ఎవరూ ఆమెను బాగుండమని పనిగట్టుకుని అడగలేదు. చెయ్యమన్నారు, పెట్టమన్నారు, చూసుకోమన్నారు. కాజాలమ్మ చేతిసంచి మడతలు సరిచేసుకుంది.

"ఇవాళ రక్తం తియ్యను. ఈ రెండోది పక్కన పెట్టేస్తాను. మూడు వారాలు ఎప్పటిలా తిని రండి. మీ అక్క కూడా అప్పటికి లేచి తిరుగుతుంది. ఒక్కరోజులో నయమైపోతుందని చెప్పను. నెలలు పడుతుంది. కాని చాలామందికి మందులు తగ్గాయి, పనులకి వెళ్తున్నారు."

"సాయంత్రాలు కూడా కళ్ళు తెరుచుకుంటాయాండీ?"

"ఆశ ఉంది" అంది డాక్టరమ్మ. ఆ మాటను ఊరికే అనే మనిషిలా లేదామె.

బయట బండివాడి దగ్గర అరటిపండు ఒకటి కొని, తొక్క వలిచి, రోడ్డు మీదే నిలబడి తినేసింది. ఎన్నాళ్ళకో తిన్నదేమో, కళ్ళనీళ్ళు వచ్చాయి. ఇంకొకటి కొంది. బండివాడు ఆకలి మీదున్నావా అమ్మా అంటే, "కాదు, డాక్టరు చెప్పింది" అంది గొప్పగా.

దుకాణం మెట్లు ఎక్కేసరికి బావగారు వచ్చి ఉన్నారు. చేతిలో చిన్న పెట్టె, ముఖాన తెచ్చిపెట్టుకున్న చిరునవ్వు. కింద కారు ఆగి ఉంది. పెద్దకోడలి రెప్పలు అప్పటికే సగానికి దిగిపోయాయి. ఎడమ రెప్ప పడిపోకుండా దాని మీద నుంచి నుదుటి దాకా ప్లాస్టరు ముక్క అంటించుకుని ఉంది.

"ఇదేంటక్కా, భోజనాల వేళైనా కాలేదు, అప్పుడే వాలిపోయాయా? పొద్దుట బాగానే ఉన్నావు కదా."

"నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచి ఒక్క నిమిషం నడుం వాల్చలేదు" అన్నాడు మాస్టరు. "వద్దంటే వినదు. ఆపరేషనుకి వెళ్ళే మనిషివి, బలం దాచుకోమంటే, దాచుకుని ఎవరికివ్వను అంటుంది."

పెద్దకోడలు మాస్టరు మాట పట్టించుకోలేదు. "ఏమన్నారు?" అని అడిగింది. మాట ముక్కులోకి దిగుతోంది.

"తినమన్నారు."

"నేను చెబితే వినవు కదా. డాక్టరు చెప్పాలి."

కాజాలమ్మ ఉలిక్కిపడింది. "నీకు తెలుసా?"

"నా గిన్నెలో ఇద్దరి వాటా పడుతుంటే తెలీదా? ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా నిన్ను. అడిగితే మానేస్తావా, మొండిదానా. అందుకే నా గిన్నెలోది కాస్త తీసి మళ్ళీ నీ పప్పులో కలిపేదాన్ని. పప్పులో ఆకు ఎక్కడిదనుకున్నావు?"

కాజాలమ్మకు కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, ఆ రెండింటినీ తోసుకుని ఏడుపు వచ్చింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు లోకులు. లోకులకేం, తోడికోడళ్ళ గురించి సామెతలు చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఒకే పొయ్యి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు నవ్వుకోవడం చూసి ఉండరు.

"భయంగా ఉందా అక్కా?"

"ఉంది" అంది పెద్దకోడలు. "ఎముక కోస్తారంటే భయమెయ్యదా? కాని పనికిరాకుండా కూర్చోడం అంతకన్నా భయం." ఊపిరి తీసుకుని మాస్టరు వైపు తిరిగింది. "మాస్టరుగారూ, నా మిషను ఎవరికీ ఇవ్వకండి. నూనె వేస్తూ ఉండండి."

"ఇవ్వను. నువ్వు లేకపోతే నన్ను తిట్టేవాళ్ళు ఎవరున్నారు?" అన్నాడు మాస్టరు, ముఖం కత్తిరింపు బల్ల వైపు తిప్పుకుని.

బావగారు చెయ్యి అందించబోతే పెద్దకోడలు వద్దంది. గోడ పట్టుకుని మెట్టు మెట్టు దిగింది. మధ్యలో ఒకసారి ఆగింది. కింద కారెక్కాక తల ఎత్తి కిటికీ వైపు చూడటానికి ప్రయత్నించింది గాని ప్లాస్టరు ఉన్నా రెప్పలు లేవలేదు. చెయ్యి మాత్రం సరిగ్గా కిటికీ ఉన్న వైపే ఊపింది. కాజాలమ్మ కూడా ఊపింది. కారు వీధి మలుపు తిరిగింది. ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు, రెండు మిషన్లూ మళ్ళీ మొదలయ్యాయి.

కాజాలమ్మ వెళ్ళి తన పీట మీద కూర్చుంది. కోట్లు అలాగే గుట్టగా ఉన్నాయి. ఈ మధ్య ఆమెకు కాజా కుట్టడం కన్నా సూదిలోకి దారం ఎక్కించడం పెద్ద పనైంది. కళ్ళజోడు ఎన్నిసార్లు మార్చినా సూదిబెజ్జం దొరకదు. దారం కొన తడిపి, వెలుతురు వైపు తిరిగి, ఊపిరి బిగపట్టి గుచ్చితే పక్కనుంచి పోతుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అక్కకు మాత్రం చెప్పకుండానే తెలుసు కాబోలు. సుద్దముక్క కోసం చెయ్యి చాపిన కాజాలమ్మ అలాగే ఆగిపోయింది.

బల్ల చివర ఒక తెల్లగుడ్డ పరిచి ఉంది. దాని మీద వరసగా గుచ్చిన సూదులు, మూడు వారాలకు సరిపోయేటన్ని, ఒక్కొక్కదానికీ మైనం రాసిన నల్లదారం ఎక్కించి ఉంది.